అయిదు వేళ్ళ గుర్తులు

స్టూడియో తలుపు గడియ వేసి వచ్చి, అన్న చెల్లెలి మణికట్టును లైటు కిందికి జరిపాడు.

“ఫోన్లో తీసింది ఎందుకు పనికిరాదంట?”

“ఒక్క మచ్చే కనపడుతోంది, మిగతాదంతా మసకే. తలుపు తగిలిందని మా అత్తింటివాళ్ళంటే కోర్టులో ఏం చెప్తాం అన్నాడు లాయరు.”

“మరీ దగ్గర్నుంచి తీస్తే అంతే. చెయ్యి గుండ్రంగా ఉంటుంది కదా! కొంచెం వెనక్కి జరిగి, లెన్సు రంధ్రం బాగా చిన్నది చేస్తే బావగారి వేళ్ళు అయిదూ పడతాయి.”

“ఇంకా ‘గారే’నా అన్నయ్యా?”

అన్న కెమెరాను స్టాండుతో సహా వెనక్కి జరిపాడు.

“నగల షాపుల ఉంగరాలకైతే, అంతా స్పష్టంగా పడాలని పది ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతావుగా?”

“కలిపితే, అతికించారంటారు. ఒక్కటే తీయాలి. వెలుతురు తక్కువ వెళ్తుంది కాబట్టి రెండు సెకన్లు పడుతుంది. ఊపిరి కూడా బిగబట్టు.”

“ఆ ఇంట్లో నేర్చుకున్నదే అది. పోయినేడు ఇదే చెయ్యి నీకు చూపించాను. ‘నాకేం కనపడట్లేదే, సర్దుకుపో’ అన్నావు.”

“మాట్లాడకు. తీస్తున్నా.”

కెమెరా క్లిక్కుమంది.

“ఛ! కదిలావు. మొత్తం అలుక్కుపోయింది.”

“నేను కదల్లేదన్నయ్యా. కెమెరా మీదున్న నీ చెయ్యి చూసుకో.”