రిలే వేసిన, సార్

హలో… ఆ, నేనే, ఎలక్ట్రీషియన్ బ్రహ్మచారినే… ఎవరూ? మేబెల్ బిడ్డా, నువ్వా? ఏడుస్తున్నవేంది?… ఆగు, ఆగు. నిమ్మళంగ చెప్పు. మీ నాయినకు, రిచర్డ్ సార్‌కు ఏమైంది?

… గుండెల నొప్పా! ఎప్పటి సంది?… చెమటలు సుత పడ్తున్నయా?…

యాడున్నరు ఇప్పుడు?… ఆ, మెదక్ చర్చికి పోతున్నమని సార్ నిన్న చెప్పిండ్రు. వాపస్ వస్తున్నరా?… నర్సాపూర్ అడవిల! మరి బండి ఆపినవెందుకు బిడ్డా? ఎనిమిది కిలోమీటర్లు పోతే నర్సాపూర్‌ల సర్కారు దవాఖాన ఉన్నది గద, నడుపు—

పొగనా?

…

డాష్‌బోర్డు ఎనక నుంచా. … నేను ముందట పెట్టిన కొత్త లైట్లు వేసినంక ఎంత సేపటికి?… పది నిమిషాలకు. … అన్నీ పోయినయా? హెడ్‌లైట్లు సుత?…

అయ్యో దేవుడా.

… లేదు లేదు, నిన్ను కాదు. నీ తప్పేం లేదు. విను. లైట్ల స్విచ్చి బంద్ చేసినవా?… మంచిగ చేసినవ్. మంట గిట్ల కనబడ్తున్నదా?… పొగ తగ్గిందా? సరే. ఇంజన్ నడుస్తున్నదా?… ఆపకు. ఏమైనా గానీ ఇంజన్ ఆపకు. ఇప్పుడు ఆపితే మల్ల లేస్తదో లేదో నేను చెప్పలేను.

ముందు సార్‌ను చూడు. నాలుక కింద పెట్టుకునే గోలీ ఒకటి ఉంటది సార్ దగ్గర, అంగీ జేబుల… నాకెట్ల ఎరుకనా? పోయిన నెల నా షాపుల కూసోని వేసుకున్నరు. అమ్మకు చెప్పకన్నరు. … దొరికిందా? పెట్టు. నీళ్లు తాగిపియ్యకు, నాలుక కిందనే ఉండాలె. …

సామ్యూలూ! ఓ సామ్యూల్ భాయ్! నీ మందుల షాపుల ఫోన్ ఉన్నది గద, నర్సాపూర్ సర్కారు దవాఖాన నంబర్ కనుక్కో. రిచర్డ్ సార్‌కు గుండె నొప్పి వచ్చింది, డాక్టర్‌ను ఉండుమను. … ఆ, ఎర్ర కారు సార్. జెల్ది!

హలో, బిడ్డా. ఉన్నవా?… ఏదన్న బండి వస్తున్నదా అటు దిక్కు?… ఆపలేదా లారీ. … ఆపరమ్మా, అడవి గద. … వద్దు! లైటు లేకుండ నడపకు. ఆ రోడ్డు మలుపుల రోడ్డు, ఎదురుంగ ఇసుక లారీలు వస్తయి. నీ కారు ఎంతుంటది, వాని చక్రమంత ఉంటది. ఎవనికి కనబడ్తవు?

ఎలుతురు ఎంతున్నది?… చెట్ల మీద ఎండ పోయిందా? చెయ్యి అయితే కనబడ్తున్నది గద. చాలు. మనకు ఇంకో పావుగంట ఉన్నది. ఆ రెండు కొత్త లైట్లు నువ్వే వెలిగిస్తవ్.

… నువ్వే. నేను చెప్తా, నువ్వు చేస్తవ్. … మీ నాయిన ఇరవై మంది పిల్లలకు లెక్కలు చెప్తుంటే, పక్కన కూసోని అందరి కన్నా ముందు చేసి చూపించిన పిల్లవు. రాదనకు.

ఒకసారి హార్న్ కొట్టు. … ఇనబడ్డది! మంచిగ ఇనబడ్డది. అంటే ఆ హార్న్‌కు పోయే కరెంటు బాగున్నది. ఆ కరెంటే లైట్లకు ఇస్తం. గంతే పని.

చున్నీ తియ్యి. తీసి ఫోన్ చెవికి ఆనిచ్చి తలకు గట్టిగ కట్టుకో, రెండు చేతులు కావాలె నీకు. కొసలు లోపలికి దోపు. … జడ సుత. లోపల ఫ్యాన్ తిరుగుతుంటది బిడ్డా, ఏం వేలాడినా గుంజుకుంటది. చేతికి ఉంగరం ఉన్నదా? తీసెయ్యి. … ఎక్కడన్న పెట్టు, పోతే పోనియ్యి!

బానెట్ లేపు. … కడ్డీ ఆనిచ్చినవా. ఇప్పుడు రేడియేటర్ పక్క నుంచి ఎర్ర వైరు ఒకటి వస్తది, కొత్తది, మెరుస్తుంటది. … కనబడ్డదా? దాని ఎంబడే చూసుకుంట రా. నల్ల రబ్బరు జాయింటు తగుల్తది. … అదే. గుంజు దాన్ని. గట్టిగ. … రాదా? తిప్పుకుంట గుంజు. … ఫ్యాన్! చెయ్యి ఫ్యాన్ దిక్కు పోనియ్యకు!…

ఊడిందా. శబాష్.

ఏందీ? సార్ ఏమన్నరు?…

…

రిలే అంటున్నరా. … కలవరింత కాదు బిడ్డా. … తర్వాత చెప్తా. పాత స్విచ్చి గద, కాలింది. నువ్వు పని మీద ఉండు.

లైట్ల దిక్కు నుంచి వచ్చే ముక్క పట్టుకో. నల్ల టేపు చుట్టి ఉంటది, అండ్ల మూరెడు వైరు ఎక్కువ మడిచి పెట్టిన. టేపు విప్పు. … పళ్లతోని విప్పు. ఇప్పుడు కొస కాడ ఎర్ర తొడుగు తియ్యాలె. కత్తి గిట్ల ఉన్నదా?… నీ బ్యాగుల గోర్లు తీసేది ఉన్నదా? అది చాలు! చుట్టూత నొక్కి గుంజు. రాగి తీగెలు కనబడ్తయి. … తెగినయా? కొన్ని తెగితే ఏం కాదు. … ఏడ్వకు. కండ్లల్ల నీళ్లుంటే వైరు ఎట్ల కనబడ్తది? తుడుచుకో. సార్ దిక్కు ఒకసారి చూడు. … కండ్లు తెరిసిండ్రా? సరే. మంచిగుంటరు. ఉంటరు బిడ్డా.

కుడి పక్క చిన్న ఫ్యూజ్ డబ్బా ఉన్నది. దానికి వైర్లు వస్తయి. ఊదా రంగుది ఏది?… వంకాయ రంగు, వంకాయ రంగు. మసక మసకగనా?… దగ్గరికి పోయి చూడు. గోధుమ రంగుదాన్ని మాత్రం ముట్టకు, దానికి ఫ్యూజ్ అడ్డం లేదు. … దొరికిందా! దాని కొసకు ఇత్తడి క్లిప్పు ఉంటది, గుంజితే వస్తది. ఆ రేకుకు నీ రాగి తీగెలు చుట్టు, మీదికెళ్లి క్లిప్పు మల్ల గుచ్చు. తీగె తగలంగనే చిటుక్కుమంటది, మెరుస్తది. షాక్ కొట్టదు. పన్నెండు వోల్టులు, ఏం చెయ్యది నిన్ను. చెయ్యి మాత్రం ఎనక్కి తియ్యకు.

… చుట్టినవా?… 

… బిడ్డా?

… మేబెల్?

వెలిగినయా!… రెండూ?… రెండూ వెలిగినయి! ఓ సామ్యూల్, వెలిగినయ్!… చెట్ల దాంక కనబడ్తున్నదా. పోతది, పోతది, మస్తు దూరం పోతది ఆ లైటు. … జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు ఉన్నదా? ఆ క్లిప్పు మీద బిగించు, కుదుపులకు ఊడకుండ. బానెట్ వెయ్యి. నిమ్మళంగ.

కూసున్నవా. ఇప్పుడు ఒక మాట చెప్తా, మర్చిపోవద్దు. డాష్‌బోర్డు మీది లైట్ల స్విచ్చి ముట్టొద్దు. ఏమైనా ముట్టొద్దు. ఎనక ఎర్ర లైట్లు వెల్గవు, కాబట్టి నడిమిట్ల ఆపకు. నలభై మీద పోనియ్యి. … ఫోన్ బంద్ చెయ్యకు. సార్ చేతికియ్యి. నేను మాట్లాడుకుంట ఉంట, సార్‌ను నిద్రపోనియ్య. … పో, పో బిడ్డా.

…

సార్. బ్రహ్మచారిని. … మీరు మాట్లాడకుండ్రి, నేను మాట్లాడ్తా. శ్వాస ఇనబడ్తున్నది నాకు. తియ్యుండ్రి, అట్లనే. సామ్యూల్ దవాఖానకు ఫోన్ కలిపిండు, డాక్టర్ గేటు కాడనే ఉన్నడట.

సార్, మీరు రిలే అన్నరట.

… ఇనబడ్తున్నదా సార్?

నేను వెయ్యలేదు.

శుక్రవారం వచ్చి అడిగిండ్రు మీరు, రిలే వేసినవా బ్రహ్మచారీ అని. వేసిన సార్ అన్న. అబద్ధం. ఆ చిన్న డబ్బా ఇంకా నా బల్ల సొరుగులనే ఉన్నది. అది లేకుంటే లైట్లు తాగే కరెంటంత ఆ ముసలి స్విచ్చిలకెళ్లి పోతది, కాల్తది. నాకెరుక. వైరింగు బొమ్మ చదువుడు నాకు నేర్పింది మీరే గద. ఎన్ అంటే గోధుమ, పి అంటే ఊదా అని, మీ ఇంటి వసారల నేల మీద కాగితం పరిచి చూపించిండ్రు. ఒక్క ఇంగ్లీషు అక్షరం రాకుండె నాకు. ఆ కాగితంతోనే సికింద్రాబాద్‌ల ముప్పై ఏండ్లు బతికిన.

ఎందుకు వెయ్యలేదంటే… సార్, నడుము పడిపోయింది. డాష్‌బోర్డు కింద తలకాయ పెట్టి ఎల్లకిల పండుకుంటే లేవనీకి వస్తలేదు. చేతులు సుత వణుకుతున్నయి. మీ బండికి మొన్న నేను సగం పని చేసి, ఆ కిందనే గంట సేపు ఇరుక్కపోయిన. ఎవలనన్న పిలుద్దమంటే సిగ్గైంది. ఎట్లనో బయట పడ్డంక ఇగ మల్ల కిందికి పోబుద్ధి కాలే. సోమవారం వేద్దంలే అనుకున్న. నా చేత కాదు సార్, ఇంకొకల్ని చూసుకోండ్రి అని ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలేకపోయిన.

మీ బిడ్డకు సుత ఇప్పుడే చెప్పిన, పాత స్విచ్చి గద కాలింది అని. నోట్లకెళ్లి అదే వచ్చింది.

… సార్? ఊఁ అనుండ్రి. … ఒక్కసారి ఊఁ అనుండ్రి సార్. … తిట్టుండ్రి పోనీ. … సార్!

… హలో?

… ఏందా చప్పుడు? ఎవరు మాట్లాడ్తున్నరు?… హలో! హలో!…

మేబెల్! వచ్చిండ్రా? దవాఖాన కాడనేనా?… లోపటికి తీస్కపోయిండ్రా. … శ్వాస?… ఆడ్తున్నది. నువ్వు కండ్లార చూసినవా?… ఇంజక్షన్ ఇచ్చిండ్రు. … టైముకు తెచ్చిండ్రు అన్నడా డాక్టర్?… రాత్రి దాటితే గని చెప్పలేమన్నడా. … దాటుతది. దాటుతది బిడ్డా.

ఫోన్ సార్ దగ్గర ఉండె గద, నేను—

…

పట్టుకోలేదా సార్.

… నీ చెవికాడనే ఉండెనా? చున్నీల?… అంటే మొత్తం నువ్వే ఇన్నవా…

…

అవును. అంతా నిజమే.

… అవును. నీకు సుత అబద్ధమే చెప్పిన. … లైట్లు ఎట్ల వెలిగించాల్నో చెప్పిన అని నన్ను మంచోణ్ణి అనుకోకు. ఆర్పింది నేనే.

… అను. ఇంకా అను. … సార్‌కు ఏమన్న అయితే నేను… ఊఁ. … ఊఁ. …

అమ్మకా? ఇంకా తెల్వదా ఆమెకు?… నువ్వు ఫోన్ల చెప్తే ఒక్కతే పరేషాన్ అయితది నేరేడ్‌మెట్‌ల. నేను పోతా. నేనే తోల్కొని వస్తా మార్తమ్మను. ఆమెకు దారిల అంతా చెప్తా, దాచిపెట్టకుండ. … నా ఎంబడి రానంటే వేరే ఆటోల ఎక్కించి నేను ఎనక వస్తా. … వద్దనకు బిడ్డా.

… నాయిన లేచినంక నేనే చెప్పాల్నా?… చెప్తా. నీ ముందటనే చెప్తా. … ఆయన చర్చిల అందరి ముందట తిట్టినా, కొట్టినా… సరే, సరే. మాట్లాడ.

… డాక్టర్ పిలుస్తున్నడా? పో, ఎంబడే పో. బిడ్డా, ఒక్క—

… హలో? హలో?…

సామ్యూల్ భాయ్, షట్టరు జెర దించు, నా చేత కాదు. … ఇంటికి కాదు. నేరేడ్‌మెట్‌కు ఆటో పిలువు.