గుసగుస పాట

కచేరీకి ముందు వేదిక వెనక గదిలో తండ్రీ కూతురూ మాట్లాడుకుంటున్నారు. ఆయన గొంతు బొంగురుపోవడంతో, ఆయనకు పేరు తెచ్చిన రాక్ పాటను ఇవాళ ఆమే పాడాలి.

“నా వల్ల కాదు నాన్నా. మీ పాటంతా గుసగుస. నాదేమో నగారా గొంతు.”

“గుసగుస ఎందుకో తెలుసా? మనింట్లోనే రికార్డు చేశాం. పక్కగదిలో నువ్వు ఉయ్యాల్లో నిద్రపోతున్నావు.”

“కొత్త శైలి అని పేపర్లన్నీ పొగిడాయిగా!”

“శైలీ లేదు, పాడూ లేదు! నువ్వు లేస్తే మీ అమ్మ మమ్మల్ని గిటార్లతో సహా గెంటేసేది. డ్రమ్ముల మీద దుప్పట్లు కప్పాం.”

“మరి చివర్లో ఆ గిటార్ కేక?”

“గిటార్ కాదమ్మా. నువ్వే లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నావు. జనం దానికే పడిచచ్చారు.”

“అయితే ఇవాళ మొదట్నుంచీ అలాగే పాడేస్తా!”

తెర లేచింది. ఆమె గొంతెత్తగానే ముందువరసలో అమ్మ లేచి ఈల వేసింది.