సోమవారం వేయాల్సిన బోల్టులు

హలో… ఆ, నేనే. చెప్పు రత్తయ్యా.

…

నాకేం, బానే ఉన్నాలే. పొద్దున్నే ఏంటీ ఫోను? సీటు కవర్లు కుట్టే దారం అయిపోయిందా?

…

స్పాయిలరా? డిక్కీ మీద ఎత్తుగా, రెండు కాళ్ల మీద నిలబడుతుందే, అదేనా?… మరి నీకెందుకయ్యా ఆ గోల! సూదీ దారం పట్టుకునేవాడివి. ఇంకో షాపుకి పొమ్మను.

…

పొమ్మంటే పోవట్లేదా? ఇక్కడే బిగించాలంటున్నారా… సరే, దేంతో బిగిద్దామనుకుంటున్నావ్?

…

స్క్రూలా!

వద్దు. రత్తయ్యా, ముందా డబ్బా మూసెయ్… నవ్వకు. మూసెయ్యమన్నానా? మూశావా?

…

ఆ. ఇప్పుడు విను. డిక్కీ రేకు ఎంత మందం ఉంటుంది? నీ గోరంత. అందులో స్క్రూకి దొరికేది ఒక్క మర. బండి ఎనభైలో పోతుంటే గాలి ఆ స్పాయిలర్ని పట్టుకుని పైకి గుంజుతుంది. నువ్వు డిక్కీ ధడేల్మని వేసినప్పుడల్లా ఇంకాస్త వదులవుతుంది. పైకేమీ తెలీదు. చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఒకరోజు ఉండదు.

…

కోపం కాదయ్యా. చెప్తున్నాను.

బోల్టులు కావాలి. ఆరు ఎంఎం, తుప్పు పట్టని స్టీలువి, నాలుగు. స్పాయిలర్ కాలి అంచులోంచి దూరి, రేకు దాటి, డిక్కీ లోపలికి రావాలి. లోపల వెడల్పాటి వాషరు… రూపాయి బిళ్లకంటే పెద్దది అడుగు. దాని మీద నట్టు. మామూలు నట్టు కాదు, లోపల నైలాను రింగుంటుంది, అది. బండి ఎంత అదిరినా తిరగదు. మన షాపులో ఉండవు, గవర్నర్‌పేట వెళ్లాలి. కాలికీ రేకుకీ మధ్య రబ్బరు ముక్క మర్చిపోకు. లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

…

ఇప్పటికే దిగుతున్నాయా? ఎలా?… పాత కన్నాలున్నాయా. ఎన్ని?

…

నాలుగు.

…

చీరలు తడుస్తున్నాయా. ఏం చీరలు?… మంగళగిరి చీరలు.

…

రత్తయ్యా, బండి ఏ రంగు?

…

స్పాయిలర్ ఎడమ మూల చూడు. చెక్కుపోయి ఉందా?

…

…

ఆ, అదే బండి. 

ఎవరొచ్చారు? పెద్దాయనా? తెల్ల పంచె, చెవికి మిషను?… పక్కన ఇంకెవరు… ఆ అమ్మాయే నడుపుకుంటూ వచ్చిందా?

ఆయన పేరు వీరభద్రయ్యగారు. ఆ అమ్మాయి మాధురి. కోడలు… నాకెలా తెలుసా? నువ్వు కొంచెం బయటికి రా. కార్డ్‌లెస్సేగా, మెట్ల దగ్గరికి రా. వచ్చావా?

నేను షాపు మానేసి ఎన్నాళ్లయింది?… ఎనిమిది నెలలు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. నువ్వు నమ్మావు. మా ఆవిడ కూడా నమ్మి ఇప్పటికీ నూనె రాస్తోంది. నొప్పీ లేదు, ఏం లేదు రత్తయ్యా. 

నువ్వు అన్నవరం వెళ్లినప్పుడు ఆ బండి వచ్చింది. షోరూం నుంచి తిన్నగా మన దగ్గరికే. కొడుకు, దుర్గాశంకర్ అని, చేనేత చీరలు షాపులకేసేవాడు. స్పాయిలర్ తనే కొని తెచ్చుకున్నాడు, చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని. అది బిగించుకుని కొండకెళ్లి అమ్మవారి దగ్గర పూజ చేయించాలని. పదకొండున్నరకి వర్జ్యం. ఈలోపు బండి కదలాలి. తండ్రి నిమిషానికోసారి గడియారం చూడటం, కానివ్వు బాబూ, కానివ్వు బాబూ అనడం. 

బోల్టులు లేవు. గవర్నర్‌పేట వెళ్లొస్తే ముప్పావుగంట. అప్పుడు… నీ చేతిలో ఉందే, ఆ డబ్బా. అదే.

…

తెలుసు! తెలిసే వేశాను. ప్రస్తుతానికి ఇవి వేశాను, మళ్లీ రా, బోల్టులు వేస్తానన్నాను. వచ్చాడు కూడా. పది రోజులకి, శుక్రవారం. నేను నమాజుకి బయల్దేరుతున్నాను. ‘సోమవారం రా శంకర్’ అన్నాను. అలాగే భాయ్ అని నవ్వుతూ వెళ్లాడు.

ఆదివారం గన్నవరం దాటాక ఊడిపోయింది. 

…

కాదు, బండికేం కాలేదు. అద్దంలో చూసి పక్కకి ఆపాడు. దాన్ని తెచ్చుకోవడానికి వెనక్కి నడిచాడు, రోడ్డు మీదకి. వెనకాల లారీ… ఆ అమ్మాయి బండిలో కూర్చుని ఉంది. అంతా చూసింది.

…

చావుకి వెళ్లాను. మగ్గం పక్కన గోడకి ఆనించి ఉంది, స్పాయిలరు. మూల కాస్త చెక్కుపోయిందంతే. చెబుదామనే వెళ్లాను. చెప్పకుండానే వచ్చేశాను. మర్నాటి నుంచి పానా ముట్టుకోలేకపోయాను. ఇదీ నా మోకాళ్ల నొప్పి.

…

నేనెందుకు రావడం? నువ్వే బిగించు. చెప్పాగా, ఆరు ఎంఎం… ఏంటి?… నన్నే అడుగుతున్నారా?

లేనని చెప్పు. ఊళ్లో లేనని… ఎందుకు చెప్పావయ్యా ఫోన్లో ఉన్నానని!

…

వద్దు, ఆయనకివ్వద్దు, రత్తయ్యా… రత్తయ్యా—

…

నమస్కారమండీ వీరభద్రయ్యగారూ… ఆ, హుమాయూన్నేనండీ… బాగానే ఉన్నాను. మీరు?… అవునులెండి. ఎలా ఉంటారు.

…

కన్నాల సంగతి చెప్పాడండీ. నేనేమంటానంటే, లప్పం పెట్టించి రంగేయిస్తే నీళ్లు రావు, అసలు కన్నాలున్నట్టే తెలీదు. మళ్లీ అది ఎందుకండీ? చూసినప్పుడల్లా మీకు…

…

మాధురమ్మే బిగించమందా?

…

దానికోసమే వెనక్కెళ్లాడు కాబట్టి, దాన్ని పారేస్తే ఆయన ఊరికే వెళ్లినట్టవుతుంది… అలా అందాండీ?

…

…

వీరభద్రయ్యగారూ, మీకొక మాట చెప్పాలి. మిషను సరిగ్గా పెట్టుకోండి. వినపడుతోందా?

అందరూ అనుకున్నట్టు అది ఊడింది స్పీడు వల్ల కాదండీ. ఆ రోజు నేను వేయాల్సింది బోల్టులు. వేసింది స్క్రూలు. బోల్టులు లేవు, తెచ్చుకోవాలి, ఆలస్యమవుతుంది అని ఒక్క ముక్క మీతో చెప్పలేదు. చెప్పుంటే అబ్బాయి ఇవాళ… నా వల్లేనండీ. మీ మొహం చూడలేకే షాపు మానేశాను. తిట్టండి. ఆ అమ్మాయికి కూడా చెప్పండి.

…

…

హలో? కాస్త గట్టిగా చెప్పండి.

…

ఏమిటండీ? మీరా?… మీరేం చేశారు?

…

కాదండీ. వర్జ్యం వస్తోందని ఎవరైనా తొందరపడతారు. కొత్త బండి, ఒక్కగానొక్క కొడుకు… మీరు గడియారం చూశారు, అంతేగా. పని తెలిసినవాణ్ణి నేను. ఆగమని చెప్పాల్సింది నేను… కాదండీ… ఏడవకండి. పెద్దవారు, మీరలా ఏడిస్తే… రత్తయ్యా, కాసిని మంచినీళ్లివ్వు! అయ్యో, వాడికి వినపడదు. మీరే అడగండి. కూర్చోండి ముందు.

…

ఎనిమిది నెల్లుగా మీరూ ఇదే అనుకుంటున్నారా?

…

ఎవరికీ చెప్పలేదా. మాధురమ్మకీ…

…

వస్తానండీ. వస్తాను. పానా పట్టుకోలేకపోతే పక్కన నిలబడి రత్తయ్య చేత బిగించేలా చూస్తాను. గవర్నర్‌పేట మీదుగా బోల్టులు నేనే చూసి తెస్తాను. గంటా గంటన్నర పడుతుంది. ఇవాళ వర్జ్యమెప్పుడండీ? ఈలోపే మిమ్మల్ని…

…

చూడలేదా?

…

ఆ రోజు నుంచీ పంచాంగమే తెరవలేదా… ఎంతసేపైనా కూర్చుంటారా. సరేనండి.

…

ఏమన్నారూ? ఇంకోసారి చెప్పండి.

…

ఆ శుక్రవారం అబ్బాయి ఇంటికొచ్చి చెప్పాడా మీకు? హుమాయూన్ భాయ్ రమ్మన్నాడని…

…

అందుకని వారం మాత్రం చూసుకుని వచ్చారా.

…

…

అవునండీ. సోమవారమే.