దాటని గడప

మధ్యాహ్నం అతని సెలూన్ ఖాళీగా ఉంది. కూతురు అన్నం క్యారియర్‌తో ఎప్పటిలాగే గడప బయట నిలబడింది.

“రేపే చేరాలి నాన్నా. మానవశాస్త్రం, సమాజశాస్త్రం.”

“కంప్యూటర్లు తీసుకోమన్నానుగా. మనుషుల గురించి తెలుసుకోవడానికి కాలేజీ ఎందుకే? కుర్చీలో కూర్చోబెడితే వాళ్లే కక్కేస్తారు.”

“మరి నేనెందుకు లోపలికి రాను?”

“నిన్నెవరు రావద్దన్నారు?”

“ఎవరూ అనలేదు. నానమ్మ ఎన్నడూ రాలేదు, అమ్మ రాదు, నేనూ రాను. ఎవరూ ఆపకుండానే కాళ్లెందుకు ఆగిపోతాయో, ఆ చదువంతా అదే.”

అతను గడపను చూశాడు. నడుమ అరిగిపోయింది, అంతా మగవాళ్ల కాళ్ల కిందే.

“ఉద్యోగం రాకపోతే?”

“వెతుక్కుంటాను. చేరడం మాత్రం ఖాయం.”

ఆ మాటంటూనే గడప దాటింది.

“చూసి రావే, వెంట్రుకలింకా ఊడ్వలేదు,” అంటూ అతను కుర్చీని ఆమెవైపు తిప్పాడు. “కూర్చో. రేపు కొట్టు మూసేసి నేనూ వస్తాను.”