కాళ్లు పడకుండా ఒక ఫోటో

"ముందు గౌరత్తని పిలువు మావా. బేగి కూకోబెట్టి నాలుగు ఫోటోలు తీసుకుని పోతాను. ఎండ మండిపోతంది."

బారువ పక్కన చేపలవాళ్ల ఊరు, అక్టోబరు మొదట్లో ఒక మంగళవారం, పొద్దున్న పదకొండు. గ్రామ సచివాలయంలో పనిచేసే ఉమ చంకలో ఫ్లెక్సీల చుట్టతో దానయ్య ఇంటి అరుగు ముందు నిలబడింది. ఏడాదికి ఎన్ని రోజులున్నాయో అన్ని పండగలు కనిపెట్టిన మహానుభావులెవరో గానీ, వాళ్లు ఎదురుపడితే ఓ దండం పెట్టి ఇక చాలించండి బాబూ అని చెప్పాలన్నంతగా అలిసిపోయి ఉంది.

"గౌరి నేదు. ఊరెల్లినాది."

"ఏ ఊరు?"

"ఊరే. మాపటేలకి వచ్చేత్తాది. ఈరోజు ఏటి పండగ?"

"ఈరోజు ఏదీ లేదు. ఎల్లుండి నుంచి మొదలు. ఫోటో ఆ రోజు పొద్దున్నే ఎక్కించకపోతే పైనుంచి తిట్లు, అందుకే ముందే తీసి ఉంచుకుంటన్నాను... ఉండు మావా. ఈరోజు మంగళారం కదా?"

"అవును గావాల."

"మంగళారం, శుక్రారం నీ వంతు కదా? పలాసలో రగతం కడిగే మిషను మీద ఉండాలి కదా నువ్వు? నువ్వుండవనే గౌరత్త కోసం వచ్చినాను."

"వంతు మార్సినారు."

"ఎప్పుడు?"

"మార్సినారమ్మా. నువ్వు ఫ్లెక్సీ కట్టు ముందు. ఓ కొస ఆ మేకుకి, ఓ కొస ఈ రాటకి. నాను నేచి పట్టుకోనేను, ఆయాసంగా ఉన్నాది."

"నువ్వు కూకో, నేను కట్టుకుంటాను. కామాక్షి అక్క కూడా లేదేటి? పక్కింటికి తాళం ఏసుంది."

"గౌరికి తోడెల్లినాది."

"ఇద్దరూ కలిసి షికారా? బాగుంది. ఊళ్లో మిగతా ఆడోళ్లందరూ జీడిపిక్కల పనికి పోనారు. పోనీలే, నువ్వొక్కడివైనా దొరికినావు. ఇదిగో, మొదటిది తపాలా దినోత్సవం. ఈ ఉత్తరం సేత్తో పట్టుకో."

"ఎవరు రాసినారు?"

"ఎవరూ రాయలేదు మావా, ఖాళీ కవరు. ఫోటోకి."

"ఏ రోజు అది?"

"తొమ్మిదో తారీకు. ఎల్లుండి."

"ఎల్లుండంటే గురువారం?"

"గురువారం."

"గురువారానికి నన్ను కూకోబెట్టకు."

"ఎందుకు?"

"వద్దు. మన ఊరి గ్రూపులో ఎడతావు గదా ఫోటోలన్నీ?"

"పెట్టాలి కదా మరి."

"అయితే వద్దు. ఇంకోటి కట్టు."

"నీకూ సెంటిమెంట్లు మొదలైనాయేటి? సరే. ఇది పదకొండుది. ఆడపిల్లల దినోత్సవం. ఇది గౌరత్త కోసం తెచ్చినాను, నువ్వు కూకుంటే మీసాలు కనపడతాయి."

"అక్టోబరు పదకొండా? ఆరోజే గదా తిత్లీ తుపాను వచ్చినాది. తెల్లారేసరికి ముప్పై కొబ్బరి సెట్లు పడిపోనాయి నాయి. నా వల ఎక్కడ పోనాదో ఈరోజుకీ తెలీదు. దానికి ఫ్లెక్సీ నేదా?"

"దానికి సర్క్యులర్ రాలేదు మావా."

"రాదేటి?"

"వత్తే తెత్తాను. నన్నడిగితే నేనేటి సెప్పను? ఈ ఏడాది దోమల రోజుకి సేసినాను, నిద్దర రోజుకి సేసినాను, మరుగుదొడ్ల రోజుకి పోయినేడాది తలుపు ముందు ఐదుగురిని నిలబెట్టినాను. ఒకాయన జయంతి ఫ్లెక్సీ తప్పు బొమ్మతో వచ్చింది, మళ్లీ పలాస పోయి మార్పించుకొచ్చినాను. రాత్రి మా ఆయన, ఈరోజైనా ఏ పండగా లేదు గదా అని అడిగి అన్నం పెట్టుకున్నాడు. సరిగ్గా కూకో. ఇది సేతులు కడుక్కునే రోజు. పదిహేను, బుధవారం."

"బుధవారం పరవాలేదు. కాళ్లు పడకుండా తియ్యి."

"కాళ్లకేటయింది?"

"ఏటీ అవనేదు. జోళ్లు నేవు. సూడ్డానికి బాగోదు."

"ఏసుకోవచ్చు కదా?"

"పట్టట్లేదు. నువ్వు తియ్యి. సబ్బేది?"

"ఇదిగో. రుద్దుతన్నట్టు సెయ్యి... నీళ్లు పొయ్యకు, తడిసిపోద్ది, మళ్లీ ఇంకో ఇంట్లో ఇదే సబ్బు కావాలి. ఆ. ఆ. అయిపోయింది."

"ఇంక నవంబరువి కూడా తీసెయ్యి."

"నవంబరువి నవంబరులో తీద్దాంలే. ఇంకా నెలుంది."

"మళ్లీ ఎందుకమ్మా రావడం? నువ్వూ తిరిగి తిరిగి అలిసిపోతన్నావు. అచ్చయి ఉంటే ఇప్పుడే తీసెయ్యి."

"ఉన్నాయి గానీ... సరే, నీకోపికుంటే నాకేటి. రాష్ట్రం పుట్టినరోజు, నవంబరు ఒకటి. సేపలోళ్ల రోజు, ఇరవయ్యొకటి. జీడిపప్పు రోజు, ఇరవైమూడు."

"సేపలోళ్ల రోజుకి మంచి సొక్కా ఏసుకుంటాను. ఆ తాడు మీదున్నాది, అందియ్యి. పెళ్లికి కుట్టించినాది, మా మేనల్లుడి పెళ్లికి."

"ఓలమ్మో, ఇదెంత పెద్దదయిపోయింది నీకు! సిక్కిపోనావు మావా. కానీ మొకం మాత్రం ఉబ్బినట్టుంది."

"నిద్దర ఎక్కువైనాది. ఉండు, నీకో బొండాం కొట్టిత్తాను. పొద్దున్నే జోగారావు దింపినాడు."

"నాకొద్దు. నువ్వు లేవకు... మావా! అదేటి నువ్వు తాగేత్తన్నావు!"

"దాహం."

"దాహమేటి! కొలిసి గ్లాసుడు నీళ్లు తాగాలి నువ్వు. బొండాం నీళ్లు నీ ఒంటికి విషం అని నా ముందరే సెప్పినాడు డాక్టరు. ఇలగియ్యి. ఇలగియ్యి ముందు!"

"అయిపోనాది."

"మొత్తం తాగేసినావా?"

"మూడేళ్లయినాది ఉమమ్మా. సొంత సెట్టు కాయ. వచ్చినోళ్లందరికీ కొట్టిచ్చినాను గానీ నాలిక మీద సుక్క ఏసుకోనేదు. మొన్న కొబ్బరికాయల పండగని నువ్వే గదా నా సేతిలో బొండాం ఎట్టి ఫోటో తీసినావు. గొట్టం కూడా ఏసినావు. నోట్లో ఎట్టుకోమన్నావు, పీల్సొద్దన్నావు."

"అది... అది ఫోటో కోసం మావా."

"నానేటన్నాను? ఫోటో కోసమే. బాగొచ్చినాది. నువ్వు తీసినవన్నీ బాగొత్తాయి. మార్చిలో కిడ్నీల రోజున గౌరిని కూకోబెట్టి, సెయ్యి సాపమని, రగతం తీయించినావు సూడు, అది ఇంకా బాగొచ్చినాది."

"జిల్లాలో మనదే బాగుందన్నారు. ఆ రోజు గౌరత్త ఎంత నవ్వినాదో! సూదంటే భయం లేదేటి అత్తా అంటే, మీ మావ వారానికి రెండుసార్లు పొడిపించుకుంటన్నాడు, నాకీ ఒక్కటీ లెక్కేటి అన్నాది."

"ఆ రగతం ఏటన్నారు?"

"ఏ రగతం?"

"గౌరిది."

"అది... పలాస పంపించినారు. ఆ రోజు ఫోటోలెక్కించడంతోనే సరిపోయింది మావా, మళ్లీ తెల్లారే ఇంకో రోజు. కాయితం ఇంటికి రాలేదేటి?"

"వచ్చినాది."

"బాగుందా?"

"ఫోటో బాగున్నాది."

"అది కాదు, కాయితంలో... ఉండు, సార్ ఫోను. ఆ సార్. తీత్తన్నాను సార్. తపాలాది పెండింగు సార్, మనుషుల్లేరు. సాయంత్రానికల్లా పెట్టేత్తాను సార్. అలాగే సార్... దేవుడా. ఏటంటన్నాను నేను?"

"సేపలోళ్ల రోజుది కట్టమన్నాను."

"కట్టినాను. నిటారుగా కూకో. సముద్రం వేపు సూడు. మావా, వంతు ఎక్కడికి మార్సినారన్నావు?"

"టెక్కలి."

"టెక్కలా?"

"సోమవారం, గురువారం. అందుకే గదా గురువారానికి వద్దన్నాను. ఊళ్లో నేని మనిసి ఫోటోలో ఎలగుంటాడు?"

"టెక్కలిలో నీకెలగ ఇచ్చినారు మావా? మొన్న శనివారం త్రినాథరావు గారికి వంతు కోసం నేనే ఫోను సేసినాను. మంచాల్లేవు, పేరు రాసుకుంటాం, ఎవరైనా ఖాళీ సేత్తే గానీ ఇంకొకరికి రాదన్నారు. పలాసలోనూ అదే మాట. ఆయన రెండు నెలల నుంచి తిరుగుతన్నాడు."

"నాకిచ్చినారు."

"ఎవరిచ్చినారు? అక్కడ నర్సు పేరేటి?"

"పేర్లెవరికి గుర్తు?"

"పలాసలో అందరి పేర్లూ సెప్పేవోడివి. ఎవరి పిల్లకి ఏ సంబంధం వచ్చిందో కూడా సెప్పేవోడివి. ఏదీ, సెయ్యి సూపించు. నిన్న సోమారం కదా. నిన్న ఎల్తే సూది గుచ్చిన దగ్గర పట్టీ ఉండాలి. సూపించు మావా!"

"సేపలోళ్ల రోజుది తియ్యి ముందు. సొక్కా ఏసుకున్నాను."

"సెయ్యి సూపించు."

"ఇదిగో, సూసుకో. పట్టీ నేదు."

"ఓలమ్మ ఓలమ్మా. ఆ తువ్వాలు తియ్యి. కాళ్ల మీద తువ్వాలు తియ్యి మావా... ఇయ్యేటి, ఇవి కాళ్లేనా? ఎన్నాళ్లయింది ఎల్లి?"

"ఈరోజుతో మూడు వంతులు."

"మూడు వంతులు! పదకొండు రోజులు! ఒక్క వంతు తప్పితేనే పోయినేడాది ఊపిరాడక అర్ధరాత్రి ఆటోలో తీసుకెల్లినాం నిన్ను! ఎందుకు మానేసినావు? బస్సు దొరకలేదా? నన్నడిగితే నా బండి మీద దింపనా?"

"మానేయనేదమ్మా. పేరు కొట్టించేసినాను. వైజాగులో మా మేనల్లుడి కాడికి పోతన్నాను, ఇంక అక్కడే సేయించుకుంటాను అని సెప్పినాను. ఆళ్లు దండం ఎట్టి పంపించినారు. ఓ నర్సమ్మ అరటిపళ్లు కూడా ఇచ్చినాది, నాను తినకూడదని మరిసిపోయి."

"వైజాగు పోతన్నావా మరి?"

"నేదు."

"గౌరత్తకి తెలుసా?"

"దానికి టెక్కలని సెప్పినాను. సోమవారం, గురువారం బస్సెక్కుతాను. టెక్కలి బస్టాండులో కూకుంటాను. ఫేను కింద సోటు దొరికితే పడుకుంటాను. సాయంత్రం బస్సుకి వచ్చేత్తాను. ఎలగున్నాదంటే, బాగున్నాది అంటాను. నిన్న ఇంక ఆ బస్సు మెట్టు ఎక్కనేకపోనాను, కండట్రు సెయ్యిచ్చి లాగినాడు."

"నీకు పిచ్చి పట్టిందేటి మావా? సావాలనుందా?"

"సావాలని ఎవరికుంటాది?"

"మరి?"

"మరేటీ నేదు. నవంబరు దాకా ఫోటోల్లో ఉంటాను గదా. అది కూడా తీసెయ్యి, జీడిపప్పుది."

"తియ్యను. ఒక్కటి కూడా తియ్యను. ఇదిగో, విప్పేత్తన్నాను. కాల్చేత్తాను ఇవన్నీ. ఏడాది పొడుగునా నిన్ను కూకోబెట్టి ఫోటోలు తీసినాను, ఒక్కరోజు నీ కాళ్లు సూడలేదు నేను. లే. బండి ఎక్కు. పలాస పోదాం."

"మంచం ఖాళీ నేదమ్మా అక్కడ."

"నీ మంచం ఉందిగా!"

"అది ఇచ్చేసినారు."

"ఎవరికిచ్చినారు?"

"లిస్టులో తరవాతోళ్లకి."

"అయితే ఆళ్ల కాళ్లే పట్టుకుంటాను. అమ్మా, నాయినా, మీరు కొన్నాళ్లు ఆగండి, ఈ మనిషి ముందునుంచి ఉన్నోడు, పదకొండు రోజులై సచ్చిపోతన్నాడు, ఈ మంచం ఆయనకి తిరిగిచ్చేయండి అంటాను. మనుషులే కదా ఆళ్లూ? ఇనరేటి?"

"ఇంటారు. నువ్వడిగితే ఎంటనే దిగిపోతాది. అదే నా భయం."

"ఎవరది? ఆడమనిషా? నీకు తెలుసా?"

"తరవాత పేరు ఎవరిదో సూసుకునే గదా నాది కొట్టించినాను."

"నీ పేణం కన్నా ఎక్కువేటి ఆ మనిషి? పేరు సెప్పు మావా. ఏ ఊరో సెప్పు. నేను ఇప్పుడే పోతాను."

"నువ్వు పోవద్దు ఉమమ్మా. ఫోటోకి కూకోబెడదామని పొద్దున్నే వచ్చినావు గదా, ఆ మనిషే. మార్చిలో కాయితం దాని పేరునే వచ్చినాది. ఈరోజు మంగళారం... గౌరి వంతు."