దుర్గయ్య బొటనవేలు

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన మరుసటేడు సంగతి. సిద్దిపేట బస్సుల అడ్డా పక్కన ఐలవ్వ చాయ్ హోటలుండేది. ఇంజన్లు బాగుచేసే దుర్గయ్య మిస్త్రీ తన సైకిలును గుంజకు ఆనించి లోపల కూర్చున్నాడంటే ఇక మాట్లాడే పని ఆయనదే, మిగతావాళ్లది వినే పని. ఆ రోజు మాత్రం పోశయ్య ఊసుపోక రాలేదు. ఎకరంనర పొలం అమ్మి, మిలిటరీ నీలాం పాటలో లారీ కొని, బస్సు కట్టించుకున్న మనిషి. పెట్రోలు దొరకక బొగ్గు గ్యాసు మీద నడిపితే బండి ఎత్తు గడ్డలు ఎక్కలేకపోయింది. ఇంజనులోకి గాలిని బలంగా నెట్టి పంపే చిన్న బ్లోయరు పెట్టించాడు. అప్పటినుంచి వాల్వులు టకటక కొట్టుకుంటున్నాయి. తెల్లారేసరికి ఇంజను దుర్గయ్య చేతిలో పెట్టాలో, హైదరాబాదు పంపాలో తేల్చుకోవాలి. బస్సు కింది నుంచి లేచి, జేబులో పానాతోనే వచ్చాడు.

"గింతదానికి గాబరైతె ఎట్ల అల్లుడా," అన్నాడు దుర్గయ్య. "నేను గొప్పలు చెప్పుకునేటోణ్ణి గాదు, నీకెర్కే. వాల్వంటె ఏంది? తలుపు. ఒకటి గాలిని లోపటికి రానిస్తది, ఒకటి పొగను ఎల్లగొడ్తది. స్ప్రింగు ఆ తలుపును మూస్తది. స్ప్రింగు మెత్తగుంటె తలుపు టయానికి మూసుకోదు, పిస్టను అచ్చి గుద్దుతది, ఇంజను ఖతం. మరీ గట్టిదేస్తివా, దాన్ని ఆడిచ్చే క్యాము అరిగిపోతది. అందాజ గావాలె. గా అందాజ నా బొటనవేల్ల ఉన్నది. దౌల్తాబాద్ దొర కారుకు గిసొంటి బ్లోయరే ఉండె. స్ప్రింగులు నేనే ఏరిన."

"ఎన్ని?" అన్నాడు కండక్టరు భూపతి.

"ఎనిమిది. బొంబాయికెల్లి పెట్టె దించిన్రు, నాలుగువందల స్ప్రింగులు. కండ్లు మూసుకున్న, ఒక్కొక్కటి బొటనవేలితోటి ఒత్తిన, గిది పద్దెనిమిది సేర్ల బలం, గిది ఇరవై రెండు, గిది తొమ్మిది, పారెయ్యిన్రి. తక్కెడ పెట్టి సూసిన్రు. గురిగింజ ఎత్తు ఫరక్ లేదు. గటెన్క ఏమైందో ఎర్కేనా?"

"చాయ్ చల్లారింది," అంది ఐలవ్వ.

"కానియ్ చెల్లె. ఎనిమిదీ బిగిచ్చి, ముందుగల కుకునూరుపల్లి దాంక ఓ సుట్టు కొట్టిన. సిద్దిపేటల హారను ఒత్తిన. కుకునూరుపల్లిల దిగి, బీడి ముట్టిచ్చి, సగం తాగినంక హారను సప్పుడు అచ్చింది."

పోశయ్య లేచాడు. "చేతులు కడుక్కొస్త మామా, నువ్వు చెప్తుండు," అని గుంజ అవతలికి పోయాడు.

"ఆడికెల్లి మిరుదొడ్డి. కల్లాల మీద వడ్లు పోసి, గాలి లేక రైతులు మొగులు దిక్కు సూస్తున్రు. బండి ఎన్కకు తిప్పి నిలబెట్టిన. పొగ గొట్టం గాలికి పన్నెండు కల్లాలు తూర్పారబట్టుడు అయిపోయింది. బ్లోయరు ముందటికెల్లి రెండు కోళ్లను గుంజుకున్నది. ఒక వాల్వుల పోయి ఇంకో వాల్వులకెల్లి ఎల్లినయి. ఈకలు ఒక దిక్కు, కోళ్లు ఒక దిక్కు."

"ఉడికినయా?" అన్నాడు భూపతి.

"సగం. దొరకు పచ్చి నచ్చదని ఇంకో తాప పంపిన. గటెన్క దౌల్తాబాద్ తొవ్వ పట్టి కొంచెం గట్టిగ తొక్కిన. సిద్దిపేటల బయలెల్లింది బేస్తారం. దొర గడి ముందట బండి ఆపేటాలకు బుధారం."

"అంటె ఒకరోజు ముందుగల్లనా?"

"గదే లొల్లి! దొర బయటికచ్చి, నువ్వు రేపు గదరా రావాల్సింది, ఇంక వంట గూడ కాలేదు అని ఒక్కటే ఒర్రుడు."

పోశయ్య తిరిగి వచ్చి, పిడికిలి చాపాడు. "మామా, నా దగ్గర ఒక స్ప్రింగున్నది. నా బస్సుకు పనికొస్తదో లేదో జర ఒత్తి చెప్పు."

దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు. స్ప్రింగును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టి ఒత్తాడు. ముఖం వెలిగింది.

"అరె! గిది గా బొంబాయి పెట్టెలదే! ఇరవై రెండు సేర్లు. లచ్చ స్ప్రింగులల్ల ఏసినా పోలుస్త. ఏడ సంపాయించినవ్ రా? గిసొంటియి ఎనిమిది ఎయ్యి, నీ బస్సు గడ్డలెక్కుడు గాదు, ఎగురుతది."

"ఎనిమిది యాడియి మామా. రెండే ఉన్నయి. ఇంకోటి నీ సైకిలు సీటుకే ఉన్నది."

అందరూ గుంజ దిక్కు చూశారు. సైకిలు సీటు ఒక పక్కకు ఒరిగి ఉంది. దుర్గయ్య కళ్లు తెరిచి, చేతిలో ఉన్నదాన్ని చూసుకున్నాడు. ఈసారి ఒత్తలేదు.

"ఒకరోజు ముందుగల్ల పోయినోనివి," అంది ఐలవ్వ, "గిది ఎర్క కాలేదా దుర్గన్నా?"

భూపతి నవ్వి నవ్వి దగ్గాడు. పోశయ్య నవ్వలేదు.

"భూమి అమ్మి కొన్న బస్సు మామా. నాకు భయమైతుంది. పొద్దుగాల ఇంజను హైదరాబాదు తోలిస్త, ఏమనుకోకు." జేబులోంచి పానా తీశాడు. "దా, ముందుగల నీ సీటు బిగించిస్త. లేకుంటె ఇంటిదాంక నడుసుడే."