చేతికి తెలిసే రోడ్డు

ముప్పై ఏళ్లు లారీ నడిపిన పెద్దాయన, షాపులో బల్లకు బిగించిన వీడియో ఆట స్టీరింగును రెండు చేతులా తిప్పి చూశాడు.

"చవకే గానీ, ఊరికే వణుకుతోంది బాబూ. మలుపులో చెయ్యి లాగదేం?"

"లాగేది ఇది," అంటూ షాపతను పక్క బల్ల మీది స్టీరింగుకి ఆట పెట్టి ఇచ్చాడు. " మోటారుంది, ధరా తక్కువే. మనవడికా బాబాయ్?"

"నాకే. ఆ... గుంత కూడా తెలిసింది!"

"టీవీ పెద్దదేనా? చిన్నదైతే రోడ్డు కనిపించదు."

"ఎంతదైనా ఒకటే నాయనా. నాకు రెండు కళ్లూ పోయాయి."

షాపతను టీవీల వైపు చూపిస్తున్న చెయ్యి దించేశాడు.

"మరెలా నడుపుతారు?"

"పక్కన కూర్చుని మా ఆవిడ మలుపులు చెబుతుంది. ఒక్కసారి లారీ ఎక్కించుకోమని పెళ్లైన కొత్తలో అడిగింది. వచ్చే ట్రిప్పుకి అన్నాను. ముప్పై ఏళ్లూ అదే అన్నాను."

"ఆవిడ వచ్చారా?"

"గుమ్మం దగ్గరుంది. ప్రయాణానికన్నట్టు కొత్త చీర కట్టుకుంది, గరగర వినిపిస్తోంది. ఏ రంగో అడగడానికి నోరు రావడంలేదు."